కొవ్వు పద్దు వేరు, చెమట పద్దు వేరు

ఈమధ్య ఒక పట్టిక ఎందరి ఫోన్లలోంచో తిరిగి తిరిగి నాదాకా వచ్చింది. ఎడమవైపు తినే వస్తువుల బొమ్మలు. కుడివైపు ఒక్కోదాన్ని అరగదీయడానికి ఎన్ని నిమిషాలు నడవాలో, ఎన్ని నిమిషాలు పరుగెత్తాలో. చాక్లెట్‌కి ఇంత, గ్లాసుడు కూల్‌డ్రింకుకి ఇంత, చిప్స్ ప్యాకెట్‌కి ఇంత. పంపిన స్నేహితురాలు కింద ఒక వాక్యం రాసింది: "ఇది చూశాక ఏదైనా నోట్లో పెట్టుకోవాలంటేనే భయంగా ఉంది." పక్కన నవ్వు బొమ్మ పెట్టిందనుకోండి, కానీ ఆ భయం ఉత్త నవ్వులాట కాదని తర్వాత ఆమెతో మాట్లాడితే తెలిసింది.

ఆ పట్టిక చేసినవాళ్లకి దురుద్దేశం ఉందని అనను. ఆలోచన గాల్లోంచి ఊడిపడిందీ కాదు. 2016లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఫర్ పబ్లిక్ హెల్త్ అనే సంస్థ, ఆహార ప్యాకెట్ల మీద కేలరీలతోపాటు నడక, పరుగు నిమిషాలు కూడా అచ్చువెయ్యాలని ప్రతిపాదించింది. అలాంటి లేబుళ్లు చూసినవాళ్లు కాస్త తక్కువ కేలరీలున్నవి ఎంచుకున్నారని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కొన్ని చెప్పాయి కూడా. అయినా నాకా పట్టిక నచ్చలేదు. అందులో అంకెలు దాదాపు సరైనవే. లెక్క రాసిన పద్ధతి తప్పు. తిండిని అప్పులా, వ్యాయామాన్ని ఆ అప్పుకి వాయిదాలా ఒకే పద్దులో రాసుకుంటే కొవ్వు సరిగ్గా తగ్గదు, వ్యాయామమూ ఎక్కువకాలం నిలవదు. ఈ రెండింటినీ విడదీసి చూడాలన్నదే నేనిక్కడ చెప్పదలచుకున్నది.

గంట నడకకి వచ్చేదెంత

డెబ్బై కిలోల మనిషి గంటకి ఐదు కిలోమీటర్ల వేగంతో ఒక గంట నడిస్తే సుమారు 250 కేలరీలు ఖర్చవుతాయి. అందులో ఓ 70 ఆ గంటసేపు కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యేవే. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. అంటే నడిచినందుకు అదనంగా పోయినవి 180. ట్రెడ్‌మిల్ తెర మీద మాత్రం సాధారణంగా మొత్తం అంకే మెరుస్తుంది. ఒంట్లోని కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు నిల్వ ఉంటాయి. ఈ లెక్కన కిలో కొవ్వు పోవాలంటే నలభై గంటలకి పైగా నడవాలి, అదీ ఆకలి రవ్వంత కూడా పెరగకుండా ఉంటేనే.

పోనీ ఆ 180 అయినా పూర్తిగా దక్కుతాయా అంటే అదీ అనుమానమే. అమెరికా మానవశాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలో వేటతో, దుంపలూ తేనే సేకరించుకుని బతికే హాడ్జా ప్రజల రోజువారీ శక్తి ఖర్చుని కొలిచి 2012లో ప్రచురించింది. వాళ్లు రోజూ మైళ్లకొద్దీ నడిచేవాళ్లు. అయినా ఒంటి పరిమాణాన్ని పరిగణనలోకి తీసుకుని పోలిస్తే, వాళ్ల ఖర్చు ఆఫీసుల్లో కూర్చుని పనిచేసే అమెరికా, యూరప్ జనాల ఖర్చుకి దాదాపు సమానంగా తేలింది. కదలికకి ఎక్కువ పోతే శరీరం ఇంకెక్కడో కోత పెట్టి సర్దుకుంటుందని పాంట్జర్ వివరణ. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఎంత కోత, ఎక్కడ కోత అన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది. 2021లో 1,754 మంది కొలతలు పెట్టుకుని చేసిన మరో విశ్లేషణ అంతదూరం పోలేదు. కదలడం వల్ల పోయే అదనపు కేలరీల్లో సగటున 28 శాతాన్ని శరీరం మిగతా ఖర్చులు తగ్గించి పూడ్చుకుంటుందని చెప్పింది. ఒంట్లో కొవ్వు ఎక్కువున్నవాళ్లలో ఈ పూడ్చుకోవడం మరీ ఎక్కువట. అన్యాయమే, కానీ ఒళ్లు న్యాయస్థానం కాదు కదా.

ఇది శరీరం తనంతట తాను చేసుకునే సర్దుబాటు. మనం చేసే సర్దుబాటు ఇంకొకటుంది. జిమ్‌లో నాకు తెలిసినాయన ఒకరు సైకిల్ దిగగానే చేతి గడియారం చూసుకుంటారు. "ఇవాళ ఆరువందలు వచ్చాయి" అంటారు, జీతం పడినట్టు. ఆ అంకెని బట్టే ఆయన రాత్రి భోజనం, దాని తర్వాత స్వీటు నిర్ణయమవుతాయి. నేను పెద్దగా కలగజేసుకోను. కానీ ఆ అంకె సంగతి చూడండి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు రకాల చేతి పరికరాలను పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా నాసిది 93 శాతం. అలాంటి అంకెని నమ్మి స్వీటు తింటే, ఆ స్వీటులోని కేలరీలు మాత్రం కచ్చితంగా ఒంటికి చేరతాయి. ఆదాయం అంచనా, ఖర్చు నిజం.

మరి తక్కువ తింటే సరిపోతుందా

కొవ్వు తగ్గడానికి ప్రధానంగా పనిచేసేది తిండేనని నేనంటే, "తక్కువ తిను అని చెప్పడం ఎవరికి రాదు?" అంటారు. నిజమే. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఎంత తింటున్నామో మనకి తెలియదు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పేవాళ్లను తీసుకుని, వాళ్లు రాసిచ్చిన తిండి లెక్కని అసలు కొలతలతో పోల్చారు. తిన్నదాన్ని 47 శాతం తక్కువగా, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా రాశారని తేలింది. వాళ్ల శరీరాలు శక్తిని ఖర్చుపెట్టడంలో లోపమేమీ కనబడలేదు. దీన్ని చాలామంది "చూశారా, అబద్ధాలు" అని ఎత్తిచూపడానికి వాడతారు, అది నాకు ఒళ్లుమండే విషయం. వండుతూ రుచి చూసినది, పిల్లల పళ్లెంలో మిగిలింది, నిలబడి నోట్లో వేసుకున్నది, గరిటెతో కాకుండా సీసాతో పోసిన నూనె, ఇవేవీ ఎవరికీ గుర్తుండవు. లావుగా ఉన్నవాళ్లకీ, సన్నగా ఉన్నవాళ్లకీ కూడా.

ఇంతకన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2019లో కెవిన్ హాల్ బృందం అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో చేసిన ప్రయోగం. ఇరవై మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు ముడి పదార్థాలతో వండినది. ముందు పెట్టిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ప్రోటీన్ రెండువైపులా సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినండి అన్నారు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో సగటున 0.9 కిలో పెరిగారు. రెండోరకం తిండితో అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, నిగ్రహం కూడా వాళ్లదే. మారింది పళ్లెంలోది.

ప్రయోగం చిన్నదే, కాలం కూడా తక్కువే. నాలుగు వారాల ఆసుపత్రి గదికీ నలభై ఏళ్ల జీవితానికీ చాలా తేడా ఉంటుంది. కానీ అది చెప్పే దిక్కు నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. "నోరు కట్టుకో" అని సలహా ఇచ్చే బదులు, కట్టుకోవాల్సిన అవసరం తక్కువ పడే తిండి ఏదో వెతుక్కోవాలి. నమలాల్సినది, పీచున్నది, ప్రోటీన్ ఉన్నది త్వరగా ఆకలి తీరుస్తుంది. ప్రోటీన్‌కి ఇంకో సుగుణం కూడా ఉంది. దాన్ని అరిగించుకోడానికే అందులోని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. కొవ్వు పదార్థాలకైతే అది నామమాత్రం.

ఇక పిండిపదార్థాలు మానాలా, కొవ్వు మానాలా అన్న యుద్ధం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే నాకు ఆసక్తి పోయింది. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందిని రెండు గుంపులు చేసి ఏడాదిపాటు చూసిన ఫలితాలు 2018లో వచ్చాయి. కొవ్వు తగ్గించి తిన్నవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా కాదు. రోజులో ఎనిమిది గంటల్లోనే తినాలన్న పద్ధతి కూడా అంతే. మొత్తం కేలరీలు సమానంగా తగ్గించినప్పుడు గంటల నియమం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదని 2022లో 139 మందితో చేసిన ఏడాది అధ్యయనం చెప్పింది. ఎవరికి ఏది సుఖంగా సాగితే అది. ఇందులో మతాంతరీకరణలు అనవసరం.

అయితే ఒళ్లు వంచడం ఎందుకు

ఇక్కడిదాకా చదివి "సరే, జిమ్ మానేస్తాను" అనుకునేవాళ్లతోనే నా అసలు పేచీ.

బరువు తగ్గడమూ కొవ్వు తగ్గడమూ ఒకటి కాదు. కేవలం తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు, పోయినదాంట్లో కొవ్వుతోపాటు కండ కూడా ఉంటుంది. ఎంత అన్నది మనిషిని బట్టి మారుతుంది గానీ, తగ్గినదాంట్లో నాలుగోవంతు దాకా కొవ్వు కానిదే ఉండటం మామూలు. తూకం యంత్రం ఆ తేడా చెప్పదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో నలభై మంది యువకులకి నాలుగు వారాలు కేలరీలు దాదాపు 40 శాతం తగ్గించి, అందరితో గట్టిగా బరువులు ఎత్తించి, తీవ్రమైన వ్యాయామం చేయించారు. సగం మందికి ఒంటి బరువులో కిలోకి 2.4 గ్రాముల ప్రోటీన్, మిగతా సగానికి 1.2 గ్రాములు. 2016లో వచ్చిన ఫలితం: ఎక్కువ ప్రోటీన్ తిన్నవాళ్లకి 4.8 కిలోల కొవ్వు పోయి, 1.2 కిలోల కండ పెరిగింది. రెండో గుంపుకి 3.5 కిలోల కొవ్వు పోయింది, కండ పెరగలేదు గానీ తగ్గనూ లేదు. అంత తక్కువ తింటూ కండ పోగొట్టుకోకపోవడమే ఇందులో గొప్ప. వాళ్లు కుర్రాళ్లు, పైగా కఠినమైన శిక్షణలో ఉన్నవాళ్లు కాబట్టి ఈ అంకెలు మనందరికీ యథాతథంగా వర్తించవు. సూత్రం వర్తిస్తుంది. తక్కువ తినడం బరువు తగ్గిస్తుంది, పోయేది ఏమిటో కండరాలకి పెట్టే పని నిర్ణయిస్తుంది.

అలాగని జిమ్‌లలో వినబడే మరో మాటని కూడా నమ్మొద్దు. కండ పెంచితే నిద్రలో కూడా కొవ్వు కరిగిపోతుందంటారు. కిలో కండ విశ్రాంతిలో రోజుకి ఖర్చుపెట్టేది సుమారు 13 కేలరీలు. ఏడాది కష్టపడి రెండు కిలోల కండ కూడబెడితే రోజుకి 26. కండ ఉపయోగం అది కాదు. మెట్లెక్కడానికి, పడిపోకుండా నిలబడటానికి, రక్తంలోని చక్కెరని వాడుకోడానికి, అరవైల్లో కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేలమీంచి లేవడానికి. ఇది వేరే పద్దు.

పొట్ట వ్యాయామంతో పొట్ట కరగదన్నది ఎన్నిసార్లు చెప్పినా పాతబడని సంగతి. 1971లోనే ఒక పరిశోధకుడికి టెన్నిస్ ఆటగాళ్లని చూడాలన్న మంచి ఆలోచన వచ్చింది. ఏళ్లతరబడి ఒకే చేత్తో ఆడినవాళ్లలో ఆడే చేతి కండ పెద్దదే, చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతులకీ దాదాపు ఒకటే. పోయే కొవ్వు ఎటు పోతుందన్నదీ అంతే, చాలామంది చెమట అనుకుంటారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఆక్సీకరణ చెందితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తులగుండా బయటికి పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ఈ లెక్క ప్రచురించారు. ఒంటికి ప్లాస్టిక్ చుట్టుకుని పరుగెత్తేవాళ్లు పోగొట్టుకునేది నీళ్లే. గ్లాసుడు తాగగానే తిరిగొస్తాయి.

తూకం యంత్రం చేసే అన్యాయం

దగ్గరి బంధువు ఒకావిడ యాభై దాటాక మొదటిసారి బరువులు ఎత్తడం మొదలుపెట్టింది. కొన్ని నెలల తర్వాత బట్టలు వదులయ్యాయి, కింద కూర్చుని లేవడం తేలికైంది, తూకం మాత్రం అరకిలో కూడా కదల్లేదు. ఆవిడ నిరుత్సాహపడి మానేసింది. "ఇంత చేసీ ఏం లాభం" అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. వ్యాయామానికి కూలి తూకం యంత్రమే ఇస్తుందని ఆవిడకి నేర్పింది మనమే, ఆ పట్టికల్లాంటివే.

కడుపులో, అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వే గుండెకీ కాలేయానికీ ఎక్కువ హాని చేస్తుంది. తూకం మారకపోయినా వ్యాయామం వల్ల ఆ కొవ్వు కొంత తగ్గుతుందని చాలా అధ్యయనాల్లో కనబడింది. దాన్ని పసిగట్టాలంటే టేపు చాలు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకుండా ఉంటే మంచిదన్న గుర్తు తేలిక. కొత్త డైటు మొదలుపెట్టిన మొదటి వారంలో తూకం చూపించే ఘనత కూడా చాలావరకు నీళ్లదే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర నిల్వ, అంటే గ్లైకోజన్, ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవగానే నీరూ పోతుంది. ఆ వారంలో పొంగిపోయినవాళ్లు మూడోవారంలో కుంగిపోతారు.

ఒక డాక్టరు అన్నమాట

ఇదంతా ఒక డాక్టరు మిత్రుడితో అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "నువ్విలా ప్రచారం చేస్తే ఉన్న నడక కూడా మానేస్తారు. బరువు తగ్గుతుందన్న ఆశతోనైనా నడవనీ." ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేను. ఆయన రోజూ చూసే మనుషులు నేను చూడను. గుండెకి, రక్తపోటుకి, నిద్రకి, మనసుకి నడక చేసే మేలు బరువుతో ముడిపడినది కాదు కాబట్టి, ఏ నెపంతో నడిచినా లాభమే.

అయినా ఆ ఆశ ఎన్నాళ్లు నిలుస్తుంది? బరువు కోసం నడిచేవాడు బరువు కదలనప్పుడు ఆగిపోతాడు. చెప్పిన కారణం అబద్ధమైతే, అబద్ధం బయటపడిన రోజే నడకకి ఆఖరి రోజు.

డాక్టరు మాటకి బలం చేకూర్చే విషయం ఇంకొకటుంది, అది నా వాదనకి ఇబ్బందికరమైనదే. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీలో, కనీసం 13 కిలోలకు పైగా తగ్గి ఏడాదైనా దాన్ని నిలబెట్టుకున్నవాళ్లు పేర్లు నమోదు చేసుకుంటారు. వాళ్లలో అత్యధికులు రోజుకి సగటున గంటదాకా వ్యాయామం చేస్తామని చెబుతారు. అంటే తగ్గించడంలో చిన్న పాత్ర ఉన్న వ్యాయామానికి, తగ్గినది తిరిగి రాకుండా చూడటంలో పెద్ద పాత్రే ఉన్నట్టుంది. తమంతట తాము ముందుకొచ్చి పేరు రాయించుకున్నవాళ్ల మాటలు కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చడం కష్టం. క్రమశిక్షణ ఉన్నవాళ్లు రెండూ చేస్తూ ఉండొచ్చు. కానీ దీన్ని పక్కనపెట్టేయడం నిజాయితీ కాదు.

బరువు తగ్గించే కొత్త మందుల సంగతి ఎత్తకుండా ఇప్పుడు ఈ చర్చ పూర్తికాదు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ మీద 2021లో వచ్చిన పెద్ద పరీక్షలో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. ఆ మందు ఎవరిచేతా ఒక్క అడుగు కూడా ఎక్కువ వేయించదు. ప్రధానంగా ఆకలిని తగ్గిస్తుంది, అంతే. మందు ఆపిన ఏడాదిలో పోయినదాంట్లో మూడింట రెండువంతులు తిరిగొచ్చింది. ఏళ్లతరబడి లావుగా ఉన్నవాళ్లకి బద్ధకమనీ, నిగ్రహం లేదనీ అంటించిన ముద్రలన్నీ ఈ ఒక్క సంగతితో చెరిగిపోవాలి. ఆకలి గొంతు అందరి లోపలా ఒకే స్థాయిలో అరవదు. ఆ మందులతో తగ్గేదాంట్లోనూ కండ ఉంటుంది కాబట్టి, వాటిని వాడేవాళ్లకి బరువులెత్తడం ఇంకా అవసరమని వైద్యులు చెబుతున్నారు.

మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లు

ఈ రెండు పద్దుల గొడవ నాకు ముఖ్యంగా తోచడానికి ఒక కారణం, మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చున్నవాళ్లు. "నొప్పి తగ్గితే నడుస్తాను, నడిస్తే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే నొప్పి తగ్గుతుంది" అని తిరిగే ఆ చక్రంలో వాళ్లు ఇరుక్కుని ఉంటారు. 2013లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం సరిగ్గా ఇలాంటివాళ్ల మీదే చేశారు. మోకీళ్లు అరిగి, బరువు ఎక్కువున్న 55 ఏళ్లు పైబడిన 454 మందిని మూడు గుంపులు చేసి పద్దెనిమిది నెలలు చూశారు. వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లు 1.8 కిలోలు తగ్గారు. తిండి ఒక్కటే మార్చుకున్నవాళ్లు 8.9 కిలోలు. రెండూ చేసినవాళ్లు 10.6 కిలోలు.

బరువు మటుకే చూస్తే రెండో గుంపుకీ మూడో గుంపుకీ తేడా రెండు కిలోల లోపే. అంతమాత్రానికి వ్యాయామం ఎందుకనిపించొచ్చు. కానీ నొప్పి అందరికన్నా తగ్గింది, నడక అందరికన్నా మెరుగుపడింది రెండూ చేసిన మూడో గుంపుకే. కాబట్టి మోకాళ్లు కుదుటపడేదాకా ఆగుతానంటున్న వాళ్లకి నేను చెప్పేది ఒకటే. తిండి మార్పుకి మోకాళ్ల అనుమతి అక్కర్లేదు, ఈ పూటే మొదలుపెట్టొచ్చు. కుర్చీలో కూర్చుని కాళ్లు చాచడం, చిన్న బరువులు ఎత్తడం లాంటివి ఏవి చెయ్యొచ్చో ఫిజియోథెరపిస్టుని అడిగి తెలుసుకోండి. వారం తర్వాత తూకం ఏమంటుందో చూడకండి, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి ఎలా ఉందో చూడండి.